చేతులు మారిన రివాల్వరు

కుమ్మరి వాకిట కుండను కొను ఇల్లాలు దానిని వ్రేలితో కొట్టి నాదమును వినును. సంతలో ఎద్దును బేరమాడు రైతు మొదట దాని నోరు తెరచి పండ్లు చూచును; పిమ్మట గిట్టలు చూచును; కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూచును. అమ్మువాని మాట ఎంత తీయనిదైనను కొనువాని కన్నును చెవియు తమ పనిని మానవు. ఒకరు వాడి విడిచిన వస్తువును మరియొకరు కొనునపుడు ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. కుండ బీటవారినచో నీరు పోవును. ఎద్దు కుంటిదైనచో ఒక ఏటి సేద్యము పోవును. చేతులు మారిన రివాల్వరులో దోషమున్నచో పోవునది వ్రేలో, కన్నో, ప్రాణమో! అదియును పేల్చినవానిదే కానక్కరలేదు. ప్రక్కన నిలిచిన నిరపరాధిది కూడ కావచ్చును.

అమెరికాలో పాత రివాల్వరుల అంగడి చాల పెద్దది. 1980 తరువాత అక్కడి పోలీసులు క్రమముగా రివాల్వరును విడిచి పిస్తోలును చేపట్టుటతో, వారి ఒరలలో ఏండ్ల తరబడి వ్రేలాడిన ఆయుధములు దుకాణములకు చేరెను. యుద్ధములు ముగిసిన పిమ్మట సైన్యములు అమ్మివేసినవి కొన్ని, తాతలు గతించిన పిదప పెట్టె అడుగున దొరికినవి కొన్ని. ఇట్టి అంగడిలో అనుభవము గలవారు రివాల్వరును ఎట్లు పరీక్షింతురో తెలిసికొనుట ఆసక్తికరమైన విషయము. ఒక యంత్రము తన చరిత్రను తానే ఎట్లు చెప్పుకొనునో ఆ పరీక్ష వలన బోధపడును.

పరీక్షకు ముందు యంత్రము తెలియవలెను. కనెక్టికట్ రాష్ట్రమున హార్ట్‌ఫర్డు పట్టణములో 1814లో జన్మించిన శామ్యూల్ కోల్టు 1836 ఫిబ్రవరిలో అమెరికా పేటెంటు పొందెను. తిరుగు గదుల తుపాకులు అతనికి పూర్వమే ఉండెను. కాని సుత్తిని వెనుకకు లాగు కదలికతోనే సిలిండరు ఒక గది మేర తిరిగి, గొట్టమునకు ఎదురుగా నిలిచి, బిగుసుకొనునట్లు చేసి, దానిని ఆచరణయోగ్యమైన ఆయుధముగా రూపొందించిన ఘనత అతనిదే. సామాన్యముగా సిలిండరులో గదులు ఆరు, గొట్టము ఒకటి. తుపాకి పేలిన ప్రతిసారియు ఆరింటిలో ఒక గది ఆ ఒక్క గొట్టముతో వెండ్రుకవాసి తేడా లేకుండ కలియవలెను. రివాల్వరు సౌలభ్యమంతయు ఈ ఏర్పాటులోనే కలదు. దాని జబ్బులన్నియు ఇందుండియే పుట్టును. ఇది గ్రహించినవానికి ఏమి చూడవలెనో వేరుగా కంఠస్థము చేయవలసిన పని లేదు.

దుకాణములో మొదటి పని అనుమతి అడుగుట. పెద్దమనిషి ఇంటికి పోయి అడుగకుండ బీరువా తెరువము గదా! రివాల్వరును తెరచుటకును, ఉత్తసుత్తి పడవేసి చూచుటకును యజమాని అనుమతి కావలెను. ముఖ్యముగా .22 వంటి చిన్న తూటాల రివాల్వరులలో సుత్తి ముక్కు ఖాళీ గది అంచును కొట్టి దెబ్బతీయును గనుక, వానిని వట్టిగా పేల్చుట తగదు. అనుమతి దొరికిన పిమ్మట సిలిండరును తెరచి గదులన్నియు ఖాళీగా ఉన్నవని కంటితో చూచి, వ్రేలికొనతో తడవి నిశ్చయించుకొనవలెను. అమ్మువాడు ఇంతకు ముందే చూపినను మరల చూడవలెను. ఇది అపనమ్మకము కాదు. ఆ విద్యలో అదియే మర్యాద. గొట్టపు మూతి ఎల్లవేళల మనుష్యులు లేని దిక్కునకే ఉండవలెను.

సినిమాలలో కథానాయకుడు మణికట్టును ఒక్క విదలింపు విదలించి సిలిండరును లోనికి కొట్టును. చూచుటకు సొగసుగానే ఉండును గాని, సిలిండరును మోయు సన్నని ఇనుప చేయి ఆ విదలింపులకు క్రమముగా వంగిపోవును. ఆ చేయి వంగినచో సిలిండరు చట్రమునందు సరిగా ఇమడదు. గదులు గొట్టమునకు సూటిగా నిలువవు. కావున ఎరిగినవారు సిలిండరును రెండవ చేతితో మెల్లగా మూయుదురు. దుకాణదారు స్వయముగా ఆ విదలింపు విద్యను ప్రదర్శించినచో ఆ తుపాకిని మరింత శ్రద్ధగా చూడవలసినదే. సిలిండరును తెరచి తిప్పి, దాని నడుమనున్న తూటాలు వెడలగొట్టు కడ్డీ చివరను గమనించినచో వంకర యున్నదో లేదో తెలియును. కడ్డీ నిక్కముగా తిన్ననిదైనచో చివర నిలకడగా ఉండును. వంగినదైనచో బండి ఇరుసు వంగిన చక్రమువలె తూలాడును.

తరువాత మరలను చూడవలెను. ప్రక్కపలకను పట్టి ఉంచు చిన్న మరల తలలు చెక్కుచెదరక ఉన్నచో, లోపలి భాగములను ఎవరును ముట్టలేదనియో, ముట్టినవాడు పని తెలిసినవాడనియో ఊహింపవచ్చును. ఆ తలలు నలిగి, గాడి అంచులు విరిగి ఉన్నచో, తగిన పనిముట్టు లేక వంటింటి చాకుతో ఎవడో లోపలికి చొరబడినాడన్నమాట. చొరబడినవాడు చూచి ఊరకుండెనా, ట్రిగ్గరు తేలిక కావలెనని ఆకురాయి పట్టెనా అను ప్రశ్న అప్పుడు పుట్టును. మెరుగును చూచియు మోసపోరాదు. తుప్పు గుంటలను అరగదీసి క్రొత్తగా నీలిమెరుగు పెట్టించిన తుపాకి దూరమునుండి క్రొత్త పెండ్లికూతురువలె మెరయును. కాని దాని అంచులు గుండ్రబడి, ఉక్కుపై ముద్రించిన అక్షరములు పలుచబడి, మరల రంధ్రముల చుట్టును పల్లములు ఏర్పడి ఉండును. వయసునకు తగిన అరుగుదల దోషము కాదు. ఆ అరుగుదలను దాచుటయే అనుమానింపదగినది.

ఇక ప్రధానమైన పరీక్ష, గది గొట్టమునకు సరిగా వచ్చి నిలుచుట. సిలిండరుపై వ్రేలిని తేలికగా ఆనించి, బొటనవ్రేలితో సుత్తిని మిక్కిలి నెమ్మదిగా వెనుకకు లాగవలెను. సిలిండరు తిరిగి తన తావునకు రాగానే అడుగుననున్న చిన్న గడియ ఎగసి సిలిండరు గాడిలో పడును. ఆ సద్దు చెవికి స్పష్టముగా వినబడవలెను. సుత్తి పూర్తిగా వెనుకకు పోయి నిలుచు సద్దు దాని తరువాతనైనను, దానితోపాటైనను వినబడవచ్చును. ముందు మాత్రము వినబడరాదు. సుత్తి నిలిచిన పిమ్మటను సిలిండరు గడియ పడక ఇటునటు తిరుగుచున్నచో, సిలిండరును నెట్టు లోపలి కొక్కెము అరిగినదని అర్థము. ఈ పరీక్షను ఒక్క గదికి చేసి ఊరకుండరాదు. అయిదు గదులు సరిగా నిలిచి ఆరవది తప్పిన రివాల్వరులు అనేకములు. ఆ ఆరవ గదియే ఎదురైనపుడు, గొట్టపు అంచునకు రాచుకొని సీసపు గుండు ఒకవైపు చెక్కబడును. ఆ సీసపు తునకలు సందులోనుండి ప్రక్కకు చిమ్మును. ప్రక్కన నిలిచినవాని కన్ను సంగతి చెప్పినది ఇందుకే.

ఆ వెనుక ట్రిగ్గరును మెల్లగా నొక్కి, సుత్తిని బొటనవ్రేలితో ఆపి క్రిందికి దింపి, ట్రిగ్గరును నొక్కియే ఉంచి సిలిండరును కదల్చి చూతురు. పేలు క్షణమున సిలిండరు ఎంత గట్టిగా నిలుచునో తెలిపు స్థితి అది. ఇందు కర్మాగారముల సంప్రదాయములు కూడ తెలిసియుండవలెను. పాత కోల్టు రివాల్వరులు ఆ క్షణమున ఇనుప పెట్టె తలుపువలె కదలిక లేకుండ బిగుసుకొనునట్లు నిర్మింపబడినవి. స్మిత్ అండ్ వెస్సన్ వారివి ఆరోగ్యముగా ఉన్నను ప్రక్కకు రవంత కదలును. వెనుకనుండి చూచినచో కోల్టు సిలిండరు గడియారపు ముల్లు తిరుగు దిక్కునను, స్మిత్ అండ్ వెస్సన్ సిలిండరు దానికి ఎదురు దిక్కునను తిరుగును. ఈ భేదమెరుగక ఒకదాని కొలతతో రెండవదానిని కొలిచినవాడు మంచిదానిని నిందించి చెడ్డదానిని కొనును.

సిలిండరు ముఖమునకును గొట్టపు వెనుక అంచునకును నడుమ ఒక సన్నని సందు ఉండును. అది ఉండక తప్పదు. లేనిచో మసి పేరుకొని సిలిండరు తిరుగక పట్టివేయును. అంగుళమును వేయి భాగములు చేసినచో నాలుగు మొదలు ఎనిమిది భాగముల వరకు ఆ సందు ఉండుట సామాన్యము. మోటారు మెకానిక్కులు వాడు ఫీలరు గేజి రేకులతో దీనిని కొలుతురు. పది భాగములు దాటినచో వేడివాయువు అధికముగా వెలికి పోవును; గుండు వేగము తగ్గును. పిమ్మట సిలిండరును వ్రేళ్ళతో ముందునకును వెనుకకును నెట్టి చూడవలెను. ఆ నెట్టుటలో సందు కొలత ఎంత మారునో అంత మేర సిలిండరు వదులైనదని తెలియవలెను. మూడు భాగములకు మించి వదులైనచో మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించి మాటలాడవలసినదే.

గొట్టము లోపలిని దీపపు వెలుతురునకు ఎదురుగా పెట్టి చూతురు. మెలి తిరిగిన గాడులు స్పష్టముగా, అంచులు పదునుగా ఉండవలెను. అక్కడక్కడ నల్లని గుంటలు తుప్పు మిగిల్చిన మచ్చలు. కంటికి అడ్డముగా ఒక నల్లని ఉంగరమువంటి నీడ కనబడినచో బేరము అంతటితో ముగించవలెను. బలము చాలని తూటాలోని గుండు ఎన్నడో గొట్టములో చిక్కుకొనగా, దాని వెనుక మరియొక గుండు పేల్చుటచే గొట్టము లోలోపల ఉబ్బిన గుర్తు అది. గొట్టపు వెనుక ముఖమును కూడ చూడవలెను. స్మిత్ అండ్ వెస్సన్ వారు 1955లో వెలువరించిన కంబాట్ మాగ్నమ్‌లో, సిలిండరు ఇముడుటకై గొట్టపు వెనుక అంచును అడుగున కొంత చదునుగా కోసిరి. తేలిక గుండు గల ఉద్ధృతమైన తూటాలను విస్తారముగా పేల్చిన కొన్ని రివాల్వరులలో సరిగా ఆ చదును తావుననే ఉక్కు చీలెను. సన్నని తలవెండ్రుకవంటి ఆ చీలికను మసి కప్పియుండును. గుడ్డతో తుడిచి చూచినగాని కనబడదు.

సుత్తిని పూర్తిగా ఎత్తి, ట్రిగ్గరును ముట్టక, బొటనవ్రేలితో సుత్తి వెన్నును ముందునకు గట్టిగా నెట్టుట మరియొక పరీక్ష. సుత్తి చలింపరాదు. జారి పడినచో లోపలి పట్టుడు అరిగినదో, ఎవరి ఆకురాయికో బలియైనదో అయి ఉండును. అట్టి తుపాకి చేతిలో ఉన్నంతసేపును ఎవరి ఆజ్ఞ లేకయే పేలుటకు సిద్ధముగా ఉన్నదని భావింపవలెను.

ఈ సాధారణ పరీక్షలన్నియు నెగ్గినను ఒక ప్రశ్న మిగులును: ఈ రివాల్వరు పుట్టినప్పుడు ఏ తూటా కొరకు పుట్టినది? ఇప్పుడు దేనిని మ్రింగుచున్నది? ఇందుకు రెండవ ప్రపంచయుద్ధ కాలపు 'విక్టరీ' రివాల్వరు చరిత్రయే నిదర్శనము. స్మిత్ అండ్ వెస్సన్ వారు 1899లో ప్రారంభించిన మిలిటరీ అండ్ పోలీస్ నమూనాకు ఇది యుద్ధవేషము. మెరుగు లేని బూడిదవన్నె, నునుపైన కొయ్యపిడి, పిడి అడుగున త్రాడు కట్టు ఉంగరము, సంఖ్యకు ముందు 'వి' అను అక్షరము దీని గుర్తులు. బ్రిటిషు కూటమి దేశముల సైన్యములకు ఈ నమూనా రివాల్వరులు అయిదు లక్షలకు పైగా పంపబడెను. అవి పొట్టిగా, లావుగా ఉండు .38 స్మిత్ అండ్ వెస్సన్ జాతి తూటాకు తగినట్లు చేయబడినవి. అమెరికా సైన్యము తనకై ఉంచుకొన్నవి .38 స్పెషల్ అను పొడవైన, సన్నని తూటాకు తగినవి. రెండింటి పేరును .38యే, తూటాలు మాత్రము వేరు.

యుద్ధము ముగిసెను. బ్రిటిషు వారికి పోయిన రివాల్వరులలో అనేకములు మిగులు సరకుగా మరల అట్లాంటికు దాటి వచ్చెను. అమెరికాలో .38 స్పెషల్ తూటా ప్రతి దుకాణమునను దొరకును గనుక, వర్తకులు ఈ రివాల్వరుల గదులను లోపలికి ఇంకను తొలిచి ఆ పొడవైన తూటా పట్టునట్లు చేసిరి; కొన్నింటి గొట్టములను సగమునకు కోసిరి. పొడవు సరిపోయెను గాని వెడల్పు సరిపోలేదు. లావు తూటాకై తొలిచిన గది వెనుక భాగములో సన్నని తూటా వదులుగా కూర్చుండును. పేల్చగనే దాని ఇత్తడి గుల్ల ఆ ఖాళీని నింపుటకై ఉబ్బును, ఒక్కొక్కపుడు చీలును. ఈ మార్పు పైకి కనబడదు. గొట్టపు పొడవును, చట్రముపైని ముద్రలను, గదుల లోపలి మెట్టును చూడ నేర్చినవానికే అది పట్టుబడును. పేల్చిన తూటా గుల్ల ఒకటి చూపుమని అడుగుట ఇందుకు సులభమైన ఉపాయము. నడుము ఉబ్బిన గుల్ల అబద్ధమాడదు.

వెబ్లీ రివాల్వరుల కథయు ఇట్టిదే. బర్మింగుహామున తయారై 1887లో బ్రిటిషు సైన్యమున ప్రవేశించిన ఈ నడుము విరుగు రివాల్వరు దొరతనపు అధికారుల నడుమున వ్రేలాడి భారతదేశమునకు చిరపరిచితమైనది. దాని .455 తూటా నెమ్మదియైనది. యుద్ధానంతరము అమెరికాకు చేరిన వెబ్లీల సిలిండరు వెనుక భాగమును చెక్కి, .45 ఆటోమాటిక్ తూటా పట్టునట్లు చేసిరి. ఆ తూటా పుట్టించు ఒత్తిడి వెబ్లీ భరింప నేర్చిన ఒత్తిడికి చాల మించినది. ముసలి ఎద్దునకు రెండు బండ్ల బరువు కట్టినట్లాయెను. ఒకనాడు కాకున్న ఒకనాడు అట్టి సిలిండరు చేతిలోనే బ్రద్దలు కావచ్చును.

విక్టరీ చరిత్రలో మరియొక అధ్యాయము కలదు. 1944లో ఒక ఓడ ఉక్కునేలపై జారిపడిన విక్టరీ పేలి ఒక నావికుడు మరణించెను. సుత్తి ముక్కును తూటాకు తగులనీయకుండ ఆపవలసిన అడ్డుపలక ఆ దెబ్బకు నిలువలేకపోయెను. కర్మాగారమువారు అడ్డుపలకను క్రొత్త పద్ధతిన నిర్మించి, ఆ మార్పు గల రివాల్వరులకు 'వి' ప్రక్కన 'ఎస్' అను అక్షరమును చేర్చిరి. ఉక్కుపై చెక్కిన ఆ ఒక్క అక్షరము వెనుక ఒక మనుష్యుని మరణము కలదు. సంఖ్యను పరీక్షించువాడు దాని వయస్సును మాత్రమే కాక దీనిని కూడ చూచుచున్నాడు. ఇంకను పూర్వపుదైన కోల్టు 1873 నమూనాలో సుత్తి ముక్కు తిన్నగా తూటాపైననే ఆనుకొని ఉండును. అందుచేతనే అనుభవజ్ఞులు ఆరు గదులలో అయిదే నింపి, సుత్తి క్రింది గదిని ఖాళీగా ఉంచెడివారు.

యంత్రపరీక్ష ముగిసిన పిమ్మట చట్టపరీక్ష కలదు. అమెరికాలో లైసెన్సు గల వర్తకునివద్ద కొనువాడు ప్రభుత్వపు పత్రమును పూరించి, తన పూర్వచరిత్ర విచారణకు లోబడవలెను. వ్యక్తులు తమలో తాము అమ్ముకొను విషయమున ఒక్కొక్క రాష్ట్రపు చట్టము ఒక్కొక్క తీరుననున్నది. భారతదేశమున మార్గము మిక్కిలి ఇరుకైనది. ఇరుకుగా ఉండుటయే మంచిదని శాసనకర్తల అభిప్రాయము. 1878 నాటి ఆయుధ చట్టము స్థానమున 1959లో క్రొత్త చట్టము వచ్చి 1962లో అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము లైసెన్సు ముందు, ఆయుధము తరువాత. వర్తకుడు కాని వ్యక్తి తన ఆయుధమును మరియొకరికి అమ్మదలచినచో, కొనువాని పేరు, చిరునామాలతో జిల్లా మేజిస్ట్రేటుకు గాని సమీపపు పోలీసుస్టేషను అధికారికి గాని వ్రాతమూలకముగా తెలిపి, నలుబది అయిదు దినములు గడచువరకు ఆగవలెను. 2019 సవరణతో సామాన్యునికి లైసెన్సుపై ఉండదగిన ఆయుధముల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గెను.

1980 తరువాతి సంవత్సరములలో విదేశపు చేతితుపాకుల దిగుమతి ప్రజలకు నిలిచిపోవుటచే, ఇంగ్లండు, అమెరికాలలో చేయబడిన పాత .32 రివాల్వరులు ఈ దేశమున నేటికిని అధికమైన ధరకు చేతులు మారుచున్నవి. ధర పేరునుబట్టి పెరుగును; ఉక్కు ఆరోగ్యమునుబట్టి కాదు. అందుచేత పైన చెప్పిన పరీక్షలు ఇక్కడ మరింత అవసరము. లైసెన్సులో వ్రాసిన సంఖ్యయు, చట్రముపైని సంఖ్యయు అక్షరము తప్పక సరిపోవలెను. చెరిపి వ్రాసిన సంఖ్య గల తుపాకిని ముట్టకుండుటయే మేలు. అది దోషము కాదు, నేరము.

ఇన్ని చూచి, ఇన్ని విని, సరియైన ధరకు రివాల్వరును కొన్నవాడు ఇంటికి వచ్చును. అక్కడ చూడవలసినది మరియొకటి మిగిలియున్నది. ఇంట తాళము గల ఇనుపపెట్టె ఉన్నదా? తూటాలను వేరుచోట దాచు వీలున్నదా? ఎగబ్రాకి అలమర తెరచు పసివారున్నారా? కోపము వచ్చినపుడు ఒడలెరుగనివారున్నారా? దిగులుతో రాత్రులు నిద్రలేక గడపువారున్నారా? రైతు ఎద్దును సంతలో చూచుటతో ఊరకుండడు. ఇంటికి తోలుకొనిపోకముందే కొట్టమును బాగుచేసి, పలుపు గట్టిదో కాదో చూచుకొనును. రివాల్వరు సంగతియు అంతియే. ఈ ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానము లేని ఇంటికి, ఎంత నిర్దుష్టమైన రివాల్వరైనను కొనదగినది కాదు.